మంజీర తీరాన వనభోజనాలు, ఒడ్డున మిగిలే చెత్త



మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టిన నదిని కన్నడిగులు మాంజ్రా అనీ, తెలుగువారు మంజీర అనీ పిలుస్తారు. ఆ నది లాతూరు జిల్లాను దాటి బీదర్ జిల్లాలో ప్రవేశించి, కారంజాను తనలో కలుపుకొని, సంగారెడ్డి జిల్లాకు సాగుతుంది. అక్కడ సింగూరు జలాశయంలో నిలిచి, దిగువన వనదుర్గ సన్నిధిలో ఏడుపాయలుగా చీలి, నిజాంసాగర్ మీదుగా పోయి కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. హైదరాబాదు నగరం 1965 నుండి మంజీర నీటిని తాగుతూ ఉంది.

బీదరులో స్థిరపడిన తెలుగువారిలో అనేకులకు అన్నదమ్ములో ఆడపడుచులో ఆ దిగువ ఊళ్లలోనే ఉంటారు. నారాయణఖేడ్, జహీరాబాదు 1956 వరకు బీదర్ జిల్లాలోనివే. రాష్ట్రాల హద్దు మారింది కాని నది వాలు మారలేదు. ఆదివారం నాడు ఇక్కడి ఒడ్డున వదలిన ప్లాస్టిక్ సీసా బంధువుల ఊరి దారినే పడుతుంది.

వేసవిలో నది అక్కడక్కడ మడుగులుగా మిగులుతుంది. అప్పుడు ఇసుక మీద వదలిన చెత్త కదలదు. చూచినవారు అది అక్కడే ఉన్నది, నీటిని తాకలేదు గదా అనుకుంటారు. తొలకరి తరువాత వచ్చే మొదటి వరద ఆ నెలల పోగునంతా ఒక్కసారిగా ఎత్తుకొనిపోతుంది. తేలికైనది తేలుతూ పోయి తుంగలోను, తూముల వద్దను చిక్కుకుంటుంది. పగిలిన గాజు మాత్రం అక్కడే ఇసుకలో దిగబడి, స్నానానికి దిగిన పిల్లల కాళ్లకు తగులుతుంది. దానిని ఏరే పారిశుద్ధ్య కార్మికుల చేతులూ తెగుతాయి.

కార్తిక మాసపు వనభోజనాలు తెలుగువారి పాత అలవాటే. ఆనాడు మోదుగ విస్తళ్లు మిగిలేవి. పశువులు తిన్నంత తినగా తక్కినవి మట్టిలో కలిసేవి. నేటి కాగితపు పళ్లెం చూపుకు కాగితమే, కాని దానిపై పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది కుళ్లదు. ఒడ్డునే కాల్చివేస్తే శుభ్రమైనదని కొందరి నమ్మకం; సగం కరిగిన ముద్ద, బూడిద వానతో కలిసి నీటిలోకే చేరతాయి. పూజ ముగిసిన పటాలు, పాత బట్టలు గంగలో విడవడం కూడా ఇట్టిదే. నైలాను చీరకు పుణ్యపాపాల భేదం తెలియదు.

బహిరంగ స్నానఘట్టం వద్ద చిక్కు ఒకటి, ప్రైవేటు తోట వద్ద చిక్కు వేరొకటి. ఘట్టం అందరిదీ కనుక ఎవరిదీ కాదు. అక్కడ చెత్తడబ్బా లేదన్నది మొదటి ఫిర్యాదు. అయితే నీటి అంచున పెట్టి, వారానికి ఒకమారు ఖాళీ చేసే డబ్బా లేకపోవడమే మేలు. కుక్కలు, కాకులు దానిని లాగి చెల్లాచెదురు చేస్తాయి, వరద వస్తే డబ్బాయే పోతుంది. అది ఉండవలసిన చోటు వాహనాలు ఆగే మిట్ట. మూత ఉండాలి, ఆదివారం సాయంత్రమే ఖాళీ కావాలి. మున్సిపాలిటీని అడిగేవారు ఈ మూడూ కలిపి అడగడం ఉచితం.

ప్రైవేటు తోటలో యజమాని ఉన్నాడు కనుక శుభ్రత ఉంటుందని తోస్తుంది. ఆవరణ శుభ్రంగానే ఉంటుంది కూడ. అయితే ఊడ్చినది ఎటు పోయిందో చూడాలంటే వెనుక గోడ దాటి ఏటిగట్టుకు వెళ్లాలి. అద్దె చెల్లించాము గదా అని అతిథులు, వంట వరకే మా పని అని వంటవారు, తినినవారే ఎత్తాలని యజమాని అంటారు. ముగ్గురి మాటల నడుమ సంచి గట్టు మీదనే ఉండిపోతుంది. ఈ సంగతి విందు ముగిసిన తరువాత తేలదు. బయానా ఇచ్చేనాడే, చెత్త సంచులు ఎవరి బండిలో ఊరికి తిరిగి రావాలో చెప్పుకోవాలి.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెత్తను నీటివనరులలో వేయడాన్నీ, బహిరంగ స్థలంలో కాల్చడాన్నీ నిషేధించాయి. లైసెన్సు లేని చోట నూరుమందికి మించి కూడేటట్లయితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలుపవలెనని, చెత్తను అక్కడే వేరుచేసి అప్పగించవలెనని కూడా చెప్పాయి. పెండ్లిచూపుల విందుకైనా, కులసంఘపు వనభోజనానికైనా ఆ నియమాలలో ఇదే వర్తించేది. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, పళ్లెములు దేశమంతటా నిషిద్ధము. అయినా కొన్ని దుకాణాలలో అడిగినవారికి దొరుకుతూనే ఉన్నాయి.

కుటుంబంతో వెళ్లేవారికి కావలసినవి కొద్దిపాటివే. ఇంటి స్టీలు పళ్లెములు, నీళ్ల క్యాను, రెండు గోనెసంచులు. ఒక సంచిలో ఆకులు, మెతుకులు. రెండవదానిలో ప్లాస్టిక్, రేకు. గాజు పగిలితే పాత గుడ్డలో చుట్టి విడిగా ఉంచి, మరునాడు చెత్తబండి వచ్చినప్పుడు లోపల గాజు ఉన్నదని నోటితో చెప్పి కార్మికుని చేతికి ఇవ్వాలి.