బస్తర్ నేర్పిన పాఠం: మన ఉత్తరానికి జవాబు ఎవరు రాస్తారు?

(ఈమెయిల్ పత్రిక నడపాలనుకుంటున్న విద్యార్థుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమెయిల్ పత్రికను ఎలా మొదలుపెట్టాలి, ఎలా పెంచాలి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ముందుగా మిమ్మల్ని బస్తర్‌కు తీసుకెళ్తాను. నెట్‌వర్కే సరిగా అందని చోటికి ఈమెయిల్ గురించి నేర్చుకోవడానికి వెళ్లడమేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది, వినండి.

2004లో ఛత్తీస్‌గఢ్ సమస్యల మీద సీజీనెట్ అనే ఈమెయిల్ బృందం మొదలైంది. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి దాన్ని ప్రారంభించారు. యాహూ గ్రూప్స్ మీద నడిచేది. పెద్ద పత్రికలు పట్టించుకోని వార్తలు, చర్చలు సభ్యుల ఇన్‌బాక్సులకు చేరేవి. మరుసటి ఏడాదే బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది ఆదివాసులు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నారు. అలాంటి రోజుల్లో ఆ ఉత్తరాలకు విలువ ఉంది.

అయితే ఆ ఉత్తరాలు రాసింది ఎవరు? ఎక్కువగా కంప్యూటరు ఉన్నవాళ్లు, ఇంగ్లీషో హిందీయో చదువుకున్నవాళ్లు. చర్చ గోండు గ్రామాల గురించే, ఆ గ్రామాల మనుషులు మాత్రం అందులో లేరు. 2011 జనాభా లెక్కల్లో గోండిని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 29 లక్షలకు పైనే. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఆ భాషకు చోటు లేదు. ఆ భాష వచ్చిన విలేకరి దొరకడమూ కష్టమే.

2010లో సీజీనెట్ స్వర వచ్చింది. ఊళ్లో కంప్యూటరు లేదు, కాని మామూలు సెల్‌ఫోన్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకుడు బిల్ థీస్ సాంకేతిక సహాయం చేశారు. ఒక నంబరుకు ఫోన్ చేస్తే, చెప్పదలచుకున్నది రికార్డు చేయడానికి ఒక మీట, ఇతరులు చెప్పింది వినడానికి ఇంకో మీట. తర్వాత ఖర్చు లేకుండా మిస్డ్ కాల్ ఇస్తే సర్వరే తిరిగి ఫోన్ చేసే ఏర్పాటు వచ్చింది. రికార్డయిన మాటను విని, సరిచూసి, విడుదల చేయడానికి మోడరేటర్లు ఉండేవారు.

జనం ఏం చెప్పారు? ఉపాధి హామీ కూలి రాలేదు. పింఛను ఆగింది. చేతిపంపు పాడైంది. బడికి టీచరు రావడం లేదు. చివర్లో సంబంధిత అధికారి ఫోన్ నంబరు చెప్పేవారు. విన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆ అధికారికి ఫోన్ చేసేవారు. పని జరిగితే అదే మనిషి మళ్లీ ఫోన్ చేసి జరిగిందని చెప్పేవాడు. నెట్‌వర్క్ లేని ఊళ్ల కోసం బుల్టూ రేడియో అన్న పద్ధతి వచ్చింది. బ్లూటూత్‌నే అక్కడ బుల్టూ అంటారు. నెట్ ఉన్నచోట కార్యక్రమాన్ని దించుకుని ఫోన్ నుంచి ఫోన్‌కు పంచుకోవడమే ఆ పద్ధతి.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. ఒకటి, పాఠకుడి చేతిలో ఉన్న సాధనంతోనే అతని దగ్గరికి వెళ్లాలి. రెండు, పాఠకుడు తిరిగి మాట్లాడగలగాలి. మూడు, మాట్లాడినందువల్ల ఏదో ఒకటి జరగాలి, జరిగిందని అందరికీ తెలియాలి. పింఛను వచ్చిందన్న ఒక్క కబురు విన్న పక్క ఊరి మనిషి తానే నంబరు అడిగి తీసుకుంటాడు. అంతకంటే మంచి ప్రచారం లేదు.

ఒక ప్రశ్న కూడా మిగులుతుంది. మాటను విని, విడుదల చేయాలా వద్దా అని నిర్ణయించే కుర్చీలో ఎవరున్నారు? మన పత్రికల్లోనూ ఈ ప్రశ్న వేసుకోవాలి. గొంతు మనదై, మీట ఇంకొకరి చేతిలో ఉంటే సరిపోదు.

బాబాసాహెబ్‌కు ఈ సంగతి వందేళ్ల కిందటే తెలుసు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ మొదలైంది. డబ్బులిస్తామన్నా దాని ప్రకటన వేసుకోవడానికి కేసరి ఒప్పుకోలేదు. కొల్హాపూర్ పాలకుడు సాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చారు. ఆ పత్రిక ఎక్కువ కాలం నడవలేదు. 1927లో బహిష్కృత్ భారత్ తెచ్చారు. అదీ అప్పులతో ఆగింది. 1930లో జనతా పెట్టారు. అది 1956లో ప్రబుద్ధ భారత్‌గా పేరు మార్చుకునేదాకా సాగింది. ఒక పత్రిక ఆగితే ఇంకో పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. నూరుమంది చందాదారులు దాటలేదని మూడో సంచికకే నీరసపడేవాళ్లు ఈ వరుసను గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన పనికి వద్దాం. సోషల్ మీడియాలో వేలమంది ఫాలోవర్లుండగా ఈమెయిల్ ఎందుకని అడుగుతారు. అక్కడ మీ పోస్టు ఎవరికి కనబడాలో కంపెనీ నిర్ణయిస్తుంది. పేజీ పోతే పాఠకులూ పోతారు. ఈమెయిల్ జాబితా మీ దగ్గర ఉంటుంది, దాని నకలు మీరు దాచుకుంటే. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడింది. అందుకే నెలకోసారి జాబితానూ పాత సంచికలనూ దించి భద్రం చేయండి.

ఎవరి కోసమో ముందు తేల్చుకోండి. 'బహుజనులందరి కోసం' అంటే ఎవరికీ చేరదు. 'మొదటి తరం పరిశోధక విద్యార్థుల కోసం' అనుకుంటే ఏం రాయాలో వెంటనే తెలుస్తుంది: ఫెలోషిప్ గడువులు, రోస్టర్ నోటిఫికేషన్లు, హాస్టల్ సంగతులు, చదవదగ్గ ఒక వ్యాసం. పదిహేను రోజులకోసారి అని చెబితే ఆ రోజుకు పంపండి. సబ్జెక్ట్ లైన్‌లో లోపల ఏముందో సూటిగా చెప్పండి. బొమ్మలు తగ్గించండి. పల్లెలో చిన్న ఫోన్‌లో తెరిచే విద్యార్థికి డేటా ఖర్చు. సంచిక 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ అడుగు భాగాన్ని కత్తిరించి చూపిస్తుంది.

చిరునామాలు అడిగి తీసుకోండి. సెమినార్ హాజరు పట్టీ నుంచి ఎత్తి రాసుకోవద్దు. ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేరు. అది దాటితే న్యూస్‌లెటర్ సేవ కావాలి. చందా మానుకునే లింకు స్పష్టంగా పెట్టండి. వద్దనుకున్న మనిషిని పట్టి ఉంచితే స్పామ్ అని నొక్కుతాడు, ఆ దెబ్బ మిగతా పాఠకులకు వెళ్లే ఉత్తరాల మీద పడుతుంది. ఎంతమంది తెరిచారన్న లెక్కను మరీ నమ్మవద్దు. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో పాఠకుడు చదవకపోయినా తెరిచినట్టు నమోదు కావచ్చు. ఎంతమంది జవాబు రాశారు, ఎంతమంది స్నేహితుడికి పంపారు అన్నవి చూడండి. ప్రతి సంచిక చివర ఒక ప్రశ్న అడగండి. వచ్చిన జవాబుల్లో కొన్నిటిని, వాళ్ల అనుమతితో, తర్వాతి సంచికలో వేయండి.

చివరిగా, భద్రత. బీజాపూర్‌కు చెందిన ముకేశ్ చంద్రాకర్ బస్తర్ జంక్షన్ అనే యూట్యూబ్ చానల్ నడిపేవాడు. 2025 జనవరి 3న అతని శవం ఒక సెప్టిక్ ట్యాంకులో దొరికింది. రోడ్డు పనుల్లో అవినీతి మీద అతను వార్తలు ఇచ్చాడు. చిన్న ఊళ్లో నిజం చెప్పేవాడికి పెద్ద సంస్థ అండ ఉండదు. మీకు రాసే విద్యార్థి పరిస్థితీ అంతే. తన గైడ్ గురించి, వార్డెన్ గురించి రాసినవాళ్ల పేరు వేసే ముందు మళ్లీ అడగండి. ఒకరి చిరునామా ఇంకొకరికి కనబడేలా ఎప్పుడూ పంపకండి. మన జాబితా అంటే పేర్ల పట్టీ. అది తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో మన వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లి లోగో గీయకండి. మీ ఉత్తరం అవసరమైన ఇరవైమంది పేర్లు రాసుకోండి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నీకు ఏ కబురు సమయానికి అందక నష్టం జరిగిందని అడగండి. వాళ్లు చెప్పేదే మీ మొదటి సంచిక.

జై భీమ్.