నెత్తుటిలో తీపి, నెత్తుటిలో పులుపు
(ఉగాది ఉత్సవాలలో నర్సింగు విద్యార్థుల కోసం చేసిన ప్రసంగపాఠం)



పండుగపూట పచ్చడి తిని కూర్చున్న సభలో జబ్బుల మాట యెందుకని కొందరికి అనిపించవచ్చును. కాని మన పిల్లలు మూడు వేరువేరు పాఠాలుగా చదువుకునే మధుమేహం, రోగనిరోధకశక్తి తారుమారు కావడం, ఆమ్లక్షారాల తూకం అనే మూడూ ఆసుపత్రిలో వొకే మంచం మీద, వొకే రోగిలో కలిసి కనిపిస్తాయి. ఆ సంగతి చెప్పడానికే నేడు మీ ముందు నిలబడ్డాము.

కొన్నేళ్ల క్రిందట మేము పనిచేస్తున్న వొక ఆసుపత్రికి పదకొండేళ్ల కుర్రవాణ్ణి తీసుకువచ్చారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే కుటుంబం. నెల రోజులుగా పిల్లవాడు చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్నాడు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడు. యెన్నడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. తిండి తింటున్నా చిక్కిపోతున్నాడు. ఎండల వల్లనేనని యింట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు. పైగా రెండు రోజులుగా కడుపునొప్పి, వాంతులు. నాయనమ్మ మాతో, "ఆయాసపడుతున్నాడమ్మా, చూడండి" అన్నది. ఆ ముక్కను మేము కాగితం మీదికి ఎక్కించేటప్పుడు ఉబ్బసమని రాశాము. రాత్రంతా ఉబ్బసం మందే నడిచింది. తెల్లవారుజామున పక్క మంచం చూడవచ్చిన పెద్ద నర్సు వంగి, వాడి ఊపిరిలో మగ్గిన పండు వాసన పసికట్టింది. వేలు పొడిచి చక్కెర చూస్తే, యంత్రం కొలవలేనంత ఎక్కువని చూపించింది.

పిల్లవాడు బతికాడు. కాని నాయనమ్మ చెప్పింది నిజమే, రాసిన మేమే తప్పు చేశాము. అందుకే ఆ ఊపిరి యెందుకట్లా వచ్చిందో మొదటినుంచీ విప్పి చెప్పుతాము.

మన కడుపులో జీర్ణకోశం వెనుక క్లోమగ్రంథి వున్నది. అందులో ద్వీపాలవలె విడివిడిగా వుండే కణసముదాయాలను 1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మను విద్యార్థి వర్ణించాడు. ఆ ద్వీపాలలోని బీటా కణాలే ఇన్సులిన్ తయారుచేస్తాయి. ఒంటిని సూక్ష్మక్రిముల నుంచి కాపాడవలసిన టి కణాలు కొందరిలో యీ బీటా కణాలను పరాయివాటిగా ఎంచి చంపివేస్తాయి. కంచే చేను మేసినట్లన్నమాట. దీనిని మొదటిరకం మధుమేహం అంటారు. తల్లి తీపి ఎక్కువ పెట్టినందువల్ల వచ్చే జబ్బు కాదిది. ఏ తల్లీ తన్ను తాను నిందించుకోనక్కరలేదు. ఇట్టి పిల్లలలో కొందరికి థైరాయిడ్ గ్రంథి మీద, గోధుమ పడనివారికి పేగుల మీద కూడా యిదే దాడి జరుగుతుంది కనుక, వాటికీ పరీక్షలు చేయిస్తారు.

మన పెద్దలలో ఎక్కువగా కనిపించేది రెండవరకం. అందులో మొదట ఇన్సులిన్ వుంటుంది గాని ఒళ్లు దాని మాట వినదు. మొదటిరకంలో మాట చెప్పే ఇన్సులినే కరువవుతుంది.

ఇన్సులిన్ లేకపోతే నెత్తుటిలోని చక్కెర కండలలోకీ కొవ్వులోకీ సరిగా వెళ్లదు. పైగా కాలేయం మరింత చక్కెరను నెత్తుటిలోకి వదులుతుంది. చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటగానే మూత్రపిండాలు దానిని నిలుపుకోలేక మూత్రంలోకి విడుస్తాయి. అది తన వెంట నీటిని లాక్కుపోతుంది. అందుకే అన్నిసార్లు లేవడం, అంత దప్పిక. మన పాతవైద్యులు మధుమేహమని పేరు పెట్టడానికి యీ తీపి మూత్రమే కారణం. నెత్తుటినిండా చక్కెర వున్నా కణాలు పస్తుంటాయి. కణాలకు చలామణీ నాణెం వంటి ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో ఫిస్క్‌తో కలిసి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. చక్కెర అందని కణం ఆ నాణెం కోసం కొవ్వు మీద పడుతుంది.

ఇక్కడ తీపి కథ పులుపు కథగా మారుతుంది. కొవ్వు విపరీతంగా కరిగి కాలేయానికి చేరితే అక్కడ కీటోనులు పుడతాయి. వాటిలో రెండు ఆమ్లాలు. మూడవది ఎసిటోను, ఊపిరిలో పండు వాసన దానిదే. మన నెత్తురు సహజంగా కాస్త క్షారగుణం కలది. దాని పిహెచ్ 7.35 నుంచి 7.45 వరకు వుంటుంది. ఆమ్లం వచ్చిపడగానే బైకార్బొనేటు దానిని పట్టుకుని బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుస్తుంది. ఆ వాయువును ఊపిరితిత్తులు బయటికి నెట్టాలి. కనుక పిల్లవాడు లోతుగా, ఎడతెరిపి లేకుండా శ్వాసిస్తాడు. 1874లో కుస్మౌల్ అనే జర్మను వైద్యుడు వర్ణించిన శ్వాస యిదే. ఉబ్బసంలో ఊపిరి విడవడం కష్టం, పిల్లికూతలు వినిపిస్తాయి. ఇక్కడ గాలి ధారాళంగా ఆడుతుంది, ఛాతీ శుభ్రంగా వుంటుంది. అది ఊపిరితిత్తుల జబ్బు కాదు, నెత్తుటిని కాపాడడానికి అవి పడే పాటు.

ఇక పరీక్షాగారం నుంచి వచ్చే కాగితం చదువుదాము. ఉదాహరణకు పిహెచ్ 7.22, బైకార్బొనేటు 8, బొగ్గుపులుసు వాయువు 20, సోడియం 136, క్లోరైడు 98 అనుకోండి. బైకార్బొనేటు మామూలుగా 22 నుంచి 26 వుండాలి, ఇక్కడ తరిగిపోయింది. సోడియంలోనుంచి క్లోరైడునూ బైకార్బొనేటునూ తీసివేస్తే 30 మిగులుతుంది. మామూలుగా 8 నుంచి 12 వరకు మిగలాలి. ఆ ఎక్కువ భాగమే లెక్కలో కనబడని ఆమ్లం. బైకార్బొనేటును ఒకటిన్నరతో హెచ్చించి ఎనిమిది కలపండి, 20 వస్తుంది. వాయువు అంతే వున్నది కనుక ఊపిరితిత్తులు తమ పని సరిగా చేస్తున్నాయి. అదే పిల్లవాడిలో బైకార్బొనేటు పెరగకుండా వాయువు 40కి చేరితే, ఆ అంకె ఆరోగ్యవంతుడికి మామూలే గాని వాడికి ప్రమాదసూచన. వాడు అలిసిపోతున్నాడని అర్థం. ఊపిరి నెమ్మదించిందని సంతోషించకుండా వెంటనే డాక్టరును పిలవండి.

చికిత్సలో మూడు మాటలు మరవకండి. మొదటిది నీరు, అంటే సెలైను. రెండవది పొటాషియం. పైకి మామూలుగానో ఎక్కువగానో కనిపించినా ఒంటిలోని నిలవ ఖాళీ అయివుంటుంది. ఇన్సులిన్ ఎక్కగానే అది కణాలలోకి పోయి, నెత్తుటిలో తగ్గి, గుండె లయ తప్పవచ్చును. అందుకే ఇన్సులిన్ ధార మొదలుకాకముందే పొటాషియం ఎంతో, మూత్రం వస్తున్నదో లేదో చూడాలి. మూడవది ఇన్సులిన్. కొన్ని గంటలలో చక్కెర దిగుతుంది, ఆమ్లం యింకా మిగిలే వుంటుంది. చక్కెర దిగిందని ఇన్సులిన్ ఆపరు, డెక్స్‌ట్రోజు కలిపి కొనసాగిస్తారు. పిల్లలకు తలనొప్పి వచ్చినా, మత్తుగా పడుకున్నా మెదడు వాపేమోనని అనుమానించాలి.

ఇక యింట్లోవాళ్లకు వొక్క మాట. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్ అనే పిల్లవాడికి మొట్టమొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు యీ జబ్బు వచ్చిన పిల్లలు ఆట్టే కాలం బతికేవారు కారు. అంతటి మందు చేతిలో వుండి కూడా, వాంతులవుతున్నాయి, అన్నం తినలేదు అని కొందరు సూది మానేస్తారు. మొదటిరకం వాళ్లు జబ్బు పడినప్పుడు ఇన్సులిన్ పూర్తిగా మానరాదు. మోతాదు ఎంతో డాక్టరునడిగి మార్చుకోవాలి, కీటోనులు చూపించుకోవాలి. ఉపవాసం సంగతి కూడా ముందే అడగాలి. దప్పిక, మాటిమాటికీ మూత్రం, చిక్కిపోవడం, ఈ మూడూ కలిసి కనిపించిన పిల్లవాడికి ఆ రోజే వేలు పొడిచి చక్కెర చూపించండి.

చెల్లెళ్లారా, తమ్ముళ్లారా, మీరు రేపు పనిచేసే వార్డులలో రోగి భాష వొకటి, కేసు కాగితం భాష మరొకటి అయివుంటుంది. మనది రెండు భాషల మధ్య పెరిగిన బతుకు. అది మనకు భారం కాదు, పనిముట్టు. ఒక అవ్వ "ఆయాసం" అన్నప్పుడు గబుక్కున మరో భాషలోకి మార్చి రాయకండి. మంచం దగ్గరకు వెళ్లి, ఛాతీ మీద చెవి వుంచి, ఊపిరి లెక్కపెట్టి, దాని వాసన చూసి, అప్పుడు రాయండి. మేము ఆ రాత్రి చేయనిది అదే.