సరాయి అంటే సారాయి కాదు



ఈనాటి నా ప్రసంగానికి మూలం మా బడిలో జరిగిన ఒక చిన్న సంఘటన. నేను చంద్రపూర్‌లో చరిత్ర పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. పాఠం మరాఠీలో నడుస్తుంది. తరగతిలో చాలామంది పిల్లలకు ఇంటి భాష తెలుగు. వాళ్లకు అర్థం కానిచోట తెలుగులో మళ్లీ చెబుతుంటాను. ఒకనాడు షేర్‌షా సూరి పాఠం వచ్చింది. ఆయన 1540 నుంచి 1545 వరకు ఢిల్లీని ఏలినవాడు. రహదారులు వేయించాడు, బాటసారులకోసం 'సరాయా' కట్టించాడు అని చెప్పాను. మరాఠీలో 'సరాయీ' అనే మాటకు అది బహువచనం. మర్నాడు ప్రశ్న వేశాను: "షేర్‌షా రోడ్ల పక్కన ఏం కట్టించాడు?" వెనక బెంచీలోంచి ఒక తెలుగు పిల్లవాడు లేచి, "సారాయి దుకాణాలు సార్" అన్నాడు.

తరగతి గొల్లుమంది. దాచడమెందుకు, నేనూ నవ్వాను. ఆ పిల్లవాడొక్కడే నవ్వలేదు. తల దించుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నా తరగతిలో నోరు విప్పలేదు. వాళ్లింట్లో సారాయి అనే మాట నవ్వులాటకు వచ్చే మాట కాదని నాకు తర్వాత తెలిసింది.

ఆ రాత్రి మనసు ఒప్పక పుస్తకాలు ముందు వేసుకున్నాను. పిల్లవాడికి తప్పు దిద్దాలంటే ముందు ఆ మాట ఎక్కడిదో నాకు తెలియాలి కదా! వెతుకుతూ పోతే చంద్రపూర్‌లో మొదలైన దారి టర్కీ సుల్తానుల రాజభవనం గుమ్మం దాకా తీసుకుపోయింది. శ్రోతలారా, ఆ దారినే ఈవేళ మిమ్మల్ని కూడా తీసుకువెళ్తాను.

'సరాయ్' అనేది పారశీక పదం. ఇల్లు, నివాసం, భవనం అని దాని అర్థం. దీని మూలధాతువుకు కాపాడటం అనే అర్థం ఉందని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. మనం త్రాణ, త్రాత అంటామే, ఆ సంస్కృత ధాతువుకు ఇది దూరపు చుట్టం. అంటే ఎండనుంచి, వాననుంచి, దొంగలనుంచి కాపాడేది సరాయి. బిడారులు, అంటే ఒంటెల మీద సరుకు వేసుకుని పోయే వర్తకుల గుంపులు, రాత్రిపూట దిగే చోటు 'కారవాన్ సరాయ్' అయింది. మన దేశానికి వచ్చేసరికి ముందు మాట రాలిపోయి సరాయి మిగిలింది. ఉత్తరాదిన మొఘల్‌సరాయ్ అనే పెద్ద రైల్వే జంక్షను పేరు అలా వచ్చిందే. 2018లో ఆ స్టేషను పేరు మార్చారు. హైదరాబాదులో షేక్‌పేట సరాయి కుతుబ్‌షాహీల కాలం నాటిది. నాంపల్లి స్టేషను దగ్గరి సరాయి ఏడో నిజాం కాలంలో కట్టినది.

ఇదే మాట పడమటి దిక్కుకు పోయి తుర్కుల నోట పడింది. అక్కడ దాని దశ తిరిగింది. బాటసారి దిగే ఇల్లు కాదు, సాక్షాత్తు సుల్తాను నివసించే రాజభవనమే 'సరాయ్' అయింది. నేటికీ టర్కీ భాషలో రాజప్రాసాదాన్ని అలాగే అంటారు. బోస్నియా దేశపు రాజధాని సరాయెవో పేరులో ఉన్నది కూడా ఈ సరాయే.

ఆ సరాయిలలో పేరుపడ్డది ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి. రెండో మహమ్మద్ అనే సుల్తాను 1453లో ఆ నగరాన్ని జయించి, 1459లో దీని నిర్మాణం మొదలుపెట్టించాడు. 'తోప్' అంటే ఫిరంగి. మన తెలుగులో తోపు, మరాఠీలో తోఫ్ అనేవి ఈ కుటుంబంలోవే. 'కాపి' అంటే ద్వారం. కలిపితే ఫిరంగి ద్వారం. టర్కీ భాష ఒక్క ముక్క రాకపోయినా అందులో సగం మనకు ముందే తెలుసన్నమాట.

రాజభవనం అనగానే మనకు ఒకే పెద్ద మేడ కళ్ల ముందు మెదులుతుంది. తోప్‌కాపి అలా ఉండదు. ఒక వాకిలి దాటితే ఒక ఆవరణ, అది దాటితే మరో వాకిలి, మరో ఆవరణ. అలా నాలుగు ఆవరణలు. వాటి చుట్టూ చిన్నచిన్న కట్టడాలు, మధ్యలో చెట్లు. మొదటి ఆవరణలోకి జనం రావచ్చు. రెండోదాంట్లో వేలమందికి వండే వంటశాలలు, మంత్రుల సభ. మూడోదాంట్లోకి సుల్తాను అనుమతి ఉన్నవాళ్లకే ప్రవేశం. లోపలికి పోయేకొద్దీ మనుషులు తగ్గుతారు, నిశ్శబ్దం పెరుగుతుంది.

ఆ మంత్రుల సభ పేరు 'దివాన్'. సుల్తాను కనిపించకుండా, పైనున్న జాలీ కిటికీ వెనక కూర్చుని సభ మాటలు వినేవాడట! ఈ దివాన్ మనకు కొత్తదా? జమీందారు కొలువును మన పెద్దలు దివాణం అన్నారు. మరాఠీ ఇళ్లలో ముందుగది దివాణ్‌ఖానా. మంత్రిగారు దివాన్‌గారు. చివరికి ముందుగదిలో వేసుకునే పరుపు బల్ల కూడా దివానే. సామ్రాజ్యాన్ని నడిపిన మాట మన ఇంట్లో అతిథి నడుము వాల్చే చోటుకు వచ్చి కూర్చుంది.

సుల్తానుల తోటల్లోని విడిది మండపాన్ని 'కోష్క్' అనేవారు. 1472లో తోప్‌కాపి ఆవరణలో కట్టిన పింగాణీ పలకల కోష్క్ ఇప్పటికీ ఉంది. ఆ మాటే ఐరోపా చుట్టి కియోస్కుగా మారి మన దగ్గరికి వచ్చింది. ఈనాడు బ్యాంకు దగ్గర, బస్‌స్టాండులో కనిపించే చిన్న గది కియోస్కు. సుల్తాను వెన్నెల చూసిన చోటు పేరు టికెట్లు ఇచ్చే అరకు వచ్చింది!

ఇక్కడ ఒక వింత గమనించండి. పెద్ద భవంతికి తుర్కులు వాడే మరో మాట 'కొనాక్'. ప్రయాణంలో ఒక రాత్రి ఆగే మజిలీ అని కూడా దానికి అర్థం. మనం మహలు అంటాం. అది అరబ్బీ నుంచి వచ్చింది. ఒంటె మీది కట్లు విప్పి దిగిన చోటు అనే భావం దాని ధాతువులో ఉంది. మొహల్లా కూడా ఆ ధాతువుదే. అంటే సరాయి, కొనాక్, మహలు, ఈ మూడింటి వెనకా దారి నడిచి అలసిన మనిషే ఉన్నాడు. మన సత్రం సంగతి చూడండి. వైదిక కాలంలో సత్రం అంటే చాలా రోజులు సాగే యాగం. తర్వాత అన్నం పెట్టే చోటు అయింది, ఆపైన బస ఇచ్చే చోటు అయింది.

ఇప్పుడు మా పిల్లవాడి తప్పు దగ్గరికి వస్తాను. ఇటలీ వర్తకులు ఇస్తాంబుల్ పోయి సరాయ్ అనే మాట విన్నారు. వాళ్ల భాషలో 'సెర్రాల్యో' అనే మాట ముందే ఉంది. దానికి అర్థం మూసిపెట్టే చోటు, మృగాల బోను. వినడానికి రెండూ దగ్గరగా ఉన్నాయి. సుల్తాను కోటలో స్త్రీలను బయటికి రానివ్వరని వినికిడి. రెండూ కలిపేశారు. సరాయ్ కాస్తా సెర్రాల్యో అయింది. ఇంగ్లీషులో అంతఃపురం అనే అర్థంతో సెరాల్యో అయి కూర్చుంది. 1782లో మోజార్ట్ అనే మహా సంగీతకారుడు రచించిన ప్రసిద్ధ సంగీత నాటకం పేరులో కూడా ఈ మాటే ఉంది.

శ్రోతలారా, ఆ వర్తకులు చేసినదీ, మా పిల్లవాడు చేసినదీ ఒకే పని. తెలియని మాట చెవిన పడితే, తెలిసిన మాటతో ముడివేసుకున్నారు. వాళ్లు చేస్తే నిఘంటువుకు ఎక్కింది. మావాడు చేస్తే తరగతి నవ్వింది. పైగా మావాడి చిక్కు ఇంకా పెద్దది. మరాఠీలో పెళ్లిళ్ల కాలాన్ని 'లగ్నసరాయీ' అంటారు. ఒక చెవిన పెళ్లిళ్ల సరాయీ, ఒక చెవిన సారాయి, పుస్తకంలో షేర్‌షా సరాయి. సరిహద్దు జిల్లాలో పుట్టిన పిల్లవాడు రోజూ మోసే బరువు ఇది.

మాటలే కాదు, భవనాలు కూడా అర్థం మార్చుకుంటాయి. మన చంద్రపూర్‌నే చూడండి. గోండు రాజుల కోటగోడకు జట్‌పురా, పఠాన్‌పురా, అంచలేశ్వర్, బింబా అని నాలుగు పెద్ద ద్వారాలు. ఆ ద్వారాల కిందుగా మనం రోజూ సైకిళ్ల మీద, ఆటోల్లో పోతూనే ఉన్నాం. రాజులు నివసించిన చోటు జైలు అయింది. ఆంగ్లేయుల మీద తిరగబడ్డ బాబూరావు షెడ్మాకేను 1858 అక్టోబరు 21న ఆ జైలులోనే ఉరితీశారు. రక్షణ ఇవ్వవలసిన ఇల్లు సంకెళ్ల ఇల్లు అయింది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. అది మన వార్ధా నది అవతలి ఒడ్డుకు సంబంధించినది. రాజురా ఒకప్పుడు నిజాం రాజ్యంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 1956లో నాందేడ్‌కు, 1959లో మన జిల్లాకు వచ్చింది. ఆ నిజాం ఇంటికి టర్కీ రాజకుటుంబపు కోడళ్లు వచ్చారు. ఎలాగంటారా? తుర్కు సుల్తానులు 1856లో తోప్‌కాపి విడిచి, సముద్రపు ఒడ్డున దోల్మాబాచె అనే కొత్త సరాయికి మారారు. నింపిన తోట అని ఆ పేరుకు అర్థం. 1924 మార్చిలో అక్కడి ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దుచేసి, రాజకుటుంబాన్నంతా దేశం దాటించింది. మరుసటి నెలలోనే తోప్‌కాపిని మ్యూజియంగా ప్రకటించారు. చివరి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌కు అప్పటికి పదేళ్లు. ఆ కుటుంబానికే చెందిన నీలోఫర్ ఆమెకన్నా రెండేళ్లు చిన్న. 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో నిజాం కుమారులిద్దరితో వీరిద్దరికీ పెళ్లిళ్లు జరిగాయి.

సరాయి పోగొట్టుకున్న ఆ పిల్లలు హైదరాబాదులో మళ్లీ మహళ్లలో దిగారు. ఆ మహళ్లు కూడా నిలవలేదు. దుర్రుషెహ్వార్ ఉన్న బెల్లావిస్టా అధికారులకు శిక్షణ ఇచ్చే కళాశాల అయింది. నీలోఫర్ ఉన్న హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ తర్వాత హోటలు అయింది. కాని నీలోఫర్ దగ్గర పనిచేసే ఒక పరిచారిక కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి తల్లులకు, పిల్లలకు ఒక ఆసుపత్రి ఉండాలన్న పట్టుదల పుట్టింది. 1953లో హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రి వెలిసింది. పసిబిడ్డకు ప్రాణం మీదికి వస్తే తెలంగాణ పల్లెల్లో ఈనాటికీ తలచుకునే పేరు అది. తనకు నిలువ నీడ లేకుండా పోయిన ఒక రాచబిడ్డ పేరు పేదింటి బిడ్డలకు నీడ అయింది. సరాయి అనే మాట మూలార్థానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తర్వాత ఒకరోజు తరగతిలో ఈ కథంతా చెప్పాను. ముందుగా ఆ పిల్లవాడి పేరు పెట్టి పిలిచి, "ఆరోజు నేను నవ్వకుండా ఉండవలసింది నాయనా" అన్నాను. వాడేమీ అనలేదు. ఇటలీ వర్తకుల దగ్గరికి వచ్చేసరికి తలెత్తి చూశాడు. గంట కొట్టాక నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, చైత్రంలో మహాకాళి జాతరకు వచ్చినోళ్లు గుడి దగ్గర పండుకుంటారు గదా, అది కూడా సరాయేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ జాతరకు మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి జనం వస్తారు. ఎవరి భాష వారిది, అందరూ ఒకచోటే నడుము వాలుస్తారు.

తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. మన పిల్లల నోట ఒక మాట తప్పుగా వస్తే దిద్దండి, తప్పకుండా దిద్దండి. కాని నవ్వకముందు, ఆ మాట వాడికి ఎక్కడ దొరికిందో ఒక్కసారి అడగండి. వాడు చెప్పేది వినండి.