కాశ్మీరు చలికి పెట్టె సర్దుకోవడం

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జనవరి మాసంలో మన సభ్యుల కుటుంబాలు కొన్ని కలిసి కాశ్మీరు బయలుదేరుతున్న సంగతి మీకందరికీ తెలిసినదే. టిక్కెట్ల విషయం, బస విషయం లోగడ మాట్లాడుకున్నాము. ఈ పూట పెట్టె సర్దుకోవడం గురించి మాత్రమే నాలుగు మాటలు చెప్పదలచినాము. "ఇదేం పెద్ద విషయమండీ, రెండు స్వెట్టర్లు పడేస్తే సరిపోదా?" అని వెనక వరుసలో ఎవరో అంటూనే ఉన్నారు. సరిపోదు. ఈసారి బయలుదేరేవారిలో అరవై దాటినవాళ్ళు ఎక్కువ. వాళ్ళలో షుగరు, బి.పి., ఆయాసం లేనివాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. పిల్లల పెట్టెలు పదిరోజుల ముందే తయారవుతాయి. దాదీ పెట్టె మాత్రం బయలుదేరే రాత్రి ఎవరో ఒకరు హడావుడిగా సర్దుతారు. చలి ముందు పట్టుకునేది ఆమెనే.

అక్కడి చలి ఎటువంటిదో ముందు తెలియాలి. డిసెంబరు 21 మొదలు 40 రోజుల కాలాన్ని కాశ్మీరీలు 'చిల్లై కలాన్' అంటారు, అంటే పెద్ద చలి. తరువాతి 20 రోజులు చిన్న చలి, ఆ తరువాత 10 రోజులు పిల్ల చలి. మనవాళ్ళు వెళ్ళేది సరిగ్గా పెద్ద చలి నడుమ. శ్రీనగరులో 2021 జనవరి 31న మైనస్ 8.8 డిగ్రీలు నమోదైనది. 1934 డిసెంబరులో ఒకనాడు మైనస్ 12.8 వరకు దిగినది. మనలో కొందరు లంబసింగి చూసి వచ్చి, దాన్ని 'ఆంధ్రా కాశ్మీరు' అంటారు కదా అని ధైర్యంగా ఉన్నారు. లంబసింగిలో పొద్దెక్కితే స్వెట్టరు తీసి చంకన పెట్టుకోవచ్చు. అక్కడ మబ్బు పట్టిందంటే పగలు కూడా తీయబుద్ధి కాదు. పైగా గుల్మార్గు శ్రీనగరు కంటే మరో వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అక్కడ మోకాలిలోతు మంచులో నడవాలి.

మన అలవాటు ఏమిటంటే, లోపల నూలు బనీను, దానిమీద నూలు చొక్కా, పైన బజారులో దొరికిన లావుపాటి కోటు. కోటు లావుగా ఉంటే చలి ఆగుతుందనుకుంటాము. నిజానికి ఏ బట్టా వేడిని పుట్టించదు. వేడి మన ఒంట్లోనే ఉన్నది, బట్ట దాన్ని పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. ఆపేది కూడా బట్టల పొరల మధ్య చిక్కుకున్న గాలి. ఒక్క మందపాటి దుప్పటి కంటే రెండు పలుచటి దుప్పట్లు వెచ్చగా ఉంటాయని మన నానీలకు ఎవరూ చెప్పనక్కరలేదు. నూలు బట్ట చెమట పీల్చుకుంటుంది, తొందరగా ఆరదు. మన ఎండలకు అది చేసే మేలే అక్కడ కీడు అవుతుంది.

ఇది పుస్తకం చూసి చెప్పే మాట కాదు. లోగడ మాతో వచ్చిన ఒక పెద్దాయన జట్టు మొత్తంలో అందరికంటే ఖరీదైన కోటు వేసుకున్నారు. గుల్మార్గులో మనుమళ్ళతో పోటీపడి మంచులో పైకి ఎక్కారు, లోపల బనీను చెమటతో తడిసింది. టీ కొట్టు దగ్గర కూర్చున్న పావుగంటకే వణుకు మొదలైంది. కప్పు చేతిలో నిలవలేదు. మాట తడబడుతూ ఉంటే మేమంతా మొదట నవ్వులాట అనుకున్నాము. కొట్టు మనిషి మాత్రం చూడగానే గ్రహించాడు. లోపలికి తీసుకెళ్ళి, తడి బనీను విప్పించి, పొడి ఫిరన్ తొడిగి, మెల్లగా వేడి కహ్వా తాగించాడు. గంటకు మనిషి తేరుకున్నారు, అల్‌హందులిల్లాహ్. ఆ ఫిరన్ చూడండి, ఎంత వదులుగా ఉంటుందో! లోపల గాలికి చోటు ఉండాలనే ఆ వదులు. చలికాలంలో మన వీధుల్లోకి శాలువల మూటలు మోసుకువచ్చే కాశ్మీరీ భాయీలను అడిగి చూడండి, ఇదే చెబుతారు.

కాబట్టి ఒంటికి అంటుకుని ఉండేది నూలుది కాకూడదు. ఉన్నిది గాని, దుకాణాల్లో థర్మల్ అని అమ్మే రకం గాని మనిషికి రెండు జతలు చాలు. ఒకటి ఆరుతుండగా మరొకటి వేసుకోవచ్చు. దానిమీద నిండు చేతుల స్వెట్టరు. అన్నిటికీ పైన గాలిని, తడిని ఆపే జాకెట్టు. అది కొంచెం వదులుగా, లోపల స్వెట్టరు పట్టేటట్టుగా ఉండాలి. మంకీ క్యాపు, మఫ్లరు, చేతి తొడుగులు ఎలాగూ ఉంటాయి. చేతి తొడుగులు మాత్రం రెండు జతలు పెట్టండి, పిల్లలు మంచు ఉండలు చేసి మొదటి రోజే తడిపేస్తారు.

ఆడవాళ్ళ విషయం ఎవరూ మాట్లాడరు గనుక కొంచెం విడమరచి చెబుతాము. సల్వారు లోపలగాని, చీర కట్టేవారైతే లంగా లోపలగాని థర్మల్ పైజామా తప్పనిసరి. బురఖా వేసుకునేవారు జాకెట్టు లోపల పట్టేంత వెడల్పుది తీసుకోండి. అంచు చీలమండ దగ్గరకు ఉండేటట్టు మడిచి కుట్టుకోండి. నేలకు జీరాడితే మంచులో తడిసి, ఆ తడి మోకాళ్ళ దాకా పాకుతుంది. ఇక చెప్పులు! బూట్లంటే మగవాళ్ళవని మొహం తిప్పుకునే ఖాలాజానులు ఇక్కడ ఉన్నారు, వారిని పేరు పెట్టి పిలవము. చెప్పులతో మాత్రం బస్సు ఎక్కనివ్వము.

బూట్లు మామూలు సైజు కంటే కొంచెం పెద్దవి ఉండాలి. రెండు మేజోళ్ళు తొడిగి బిగుతు బూటులో కాలు దూర్చితే రక్తం ఆడదు, వేళ్ళు మరింత చల్లబడతాయి. గుల్మార్గు మంచుకు గమ్‌బూట్లు టంగ్‌మార్గులో అద్దెకు ఇస్తారు, అవి కొనకండి. మేజోళ్ళలో ఒక జత రాత్రి పడుకునేటప్పటికి మాత్రమే అని విడిగా దాచండి. వుజూకు ఇబ్బంది పడే పెద్దవాళ్ళకు చర్మపు మేజోళ్ళు చాలా ఉపకారం. మసహ్ నియమాలు ఇమాము గారిని అడిగి ముందే తెలుసుకోండి.

షుగరు ఉన్నవాళ్ళు ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినాలి. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే, మళ్ళీ కరిగినా అది పనికిరాదు, పారవేయాలి. కనుక దాన్ని పెద్ద పెట్టెలో వేయకండి. ఢిల్లీ నుంచి విమానంలో వెళ్ళేవారైతే అసలే వద్దు, చేతి సంచిలో ఉంచండి. అక్కడ తిరిగేటప్పుడు స్వెట్టరుకు, జాకెట్టుకు మధ్య జేబులో ఉంచుకోండి. షుగరు చూసే మిషను కూడా బాగా చల్లబడితే తప్పు చూపుతుంది, గదిలో వెచ్చబడ్డాకనే వాడండి. రెండోది కాళ్ళ సంగతి. షుగరు పాతబడినవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. కాంగ్రీ మీద కాళ్ళు పెట్టినా, వేడినీళ్ళ సంచి ఆనించుకున్నా కాలుతున్నట్టు తెలియదు. పక్క వెచ్చబెట్టుకుని, పడుకునే ముందు సంచి తీసివేయండి. తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటితో నిద్రపోవడం ఎవరికీ మంచిది కాదు. ఆ గాలికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇక మందులన్నీ తిరుగు ప్రయాణం తరువాత మరో అయిదు రోజులకు సరిపడా ఉండాలి. మంచు పడితే దారులు మూసేస్తారు, ఎప్పుడు తెరుస్తారో చెప్పలేము.

కొబ్బరినూనె సీసాలు పెట్టినవాళ్ళు తీసేయండి. ఇక్కడే చలికాలంలో పేరుకునే నూనె అక్కడ రాయి అవుతుంది, సీసా పగలగొట్టాలి. పెదాలకు, మడమలకు వాజలీను ఒక్క డబ్బా ఇంటిల్లిపాదికీ చాలు. నల్ల కళ్ళద్దాలు షోకు కాదు, మంచుమీద ఎండ పడితే కళ్ళు నిలవవు. ఆవకాయ సంగతి మీ ఇష్టం, మేము వద్దన్నా మానరు.

సర్దే వరస కూడా ముఖ్యమే. మనం రైలెక్కేటప్పుడు ఫ్యానుగాలి కావాలి. ఢిల్లీలో దిగేసరికి పొగమంచు, వణుకు. అక్కడినుంచి కాట్రా వెళ్ళి, 2025 జూన్‌లో మొదలైన శ్రీనగరు రైలు పట్టుకోవాలి. ఢిల్లీ ప్లాట్‌ఫారం మీద అరవై యేళ్ళ మనిషి పెట్టె బోర్లించి అడుగునున్న స్వెట్టరు వెతుక్కోవడం మేము చూశాము. స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు, ఆ పూట మందులు చేతి సంచిలో పైనే ఉండాలి.

ఇక ఖర్చు. అయిదారు రోజుల కోసం ఇంట్లో ఆరుగురికీ కొత్తవి కొనాలంటే, యాత్ర ఖర్చులో సగం బట్టలకే పోతుంది. అందుకోసమే అప్పు చేద్దామనుకునే కుటుంబం కూడా ఉన్నట్టు మా చెవిన పడింది. ఆ అవసరం లేదు. లోగడ వెళ్ళివచ్చినవాళ్ళు ఇచ్చిన జాకెట్లు, స్వెట్టర్లు, పిల్లల బూట్లు సంఘం ట్రంకులో ఉన్నాయి. ఎవరు ఏది తీసుకున్నారో పుస్తకంలో రాసుకుంటాము గాని బయట చెప్పము. ఒంటికి తగిలే థర్మల్ జతలు మాత్రం ఎవరివి వాళ్ళు కొనుక్కోవాలి. ట్రంకులోని బట్టలకు కలరా ఉండల వాసన ఉంటుంది, అది ఆయాసం ఉన్నవాళ్ళకు పడదు. తీసుకువెళ్ళినవాళ్ళు రెండు రోజులు ఎండలో వేయండి.

ట్రంకు తాళంచెవి కార్యదర్శి గారి ఇంట్లో ఉన్నది. వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత తెరుస్తాము. పెద్దవాళ్ళ సైజులు రాసుకుని రండి, వీలైతే వాళ్ళనే వెంటబెట్టుకు రండి. బూట్లు కాలికి తొడిగి చూడకుండా ఇవ్వబడవు.