రోగి గుట్టు

2022 నవంబరు 23న ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని కంప్యూటర్లు దుండగుల దాడికి లోనై స్తంభించినవి. ఓ.పీ. చీటీలు మొదలుకొని పరీక్షల నివేదికల వరకు సిబ్బంది పెక్కు దినములు చేతితోనే వ్రాయవలసివచ్చినది.

అది పెద్ద ఆసుపత్రి గనుక లోకమునకు తెలిసినది. మీ యింటికి వచ్చు ఆరోగ్య కార్యకర్త చేతిలోని టాబ్లెటు సంగతి యేమి? ఎవరు గర్భవతియో, ఎవరు క్షయకు మందు మ్రింగుచున్నారో అందులో నున్నది. మునుపు ఆ రిజిస్టరును బీరువాలో పెట్టి తాళము వేసెడివారు. ఇప్పటి తాళము పాస్‌వర్డు. దానిని కాగితముపై వ్రాసి యంత్రమునకే అంటించినవారిని మేమెరుగుదుము. (మాలోను అట్టివారు లేకపోలేదు!) రోగుల జాబితాను ఫొటో తీసి వాట్సాపు గ్రూపులో పెట్టుట మరింత చేటు, అందుకు దొంగ రానక్కరలేదు. క్షయ సోకినదని ఊరిలో పొక్కినచో ఆ రోగి ఆరు నెలల మందును నడుమనే మానివేయవచ్చును. మందుకు లొంగని క్షయ తరచు అట్లే తలయెత్తును.