పరపతి సంఘం జర్మనీలో నిలిచింది, ఐర్లండ్‌లో కూలింది. ఎందుకు?

(రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఊళ్లో 'సొసైటీ' అని పిలుచుకునే పరపతి సంఘానికి మూలం జర్మనీ పల్లెల్లో ఉంది. ఐర్లండ్ కూడా అదే నమూనా తెచ్చుకుంది. జర్మనీలో అది వేళ్లూనుకుంది, ఐర్లండ్‌లో కొద్దికాలానికే వాడిపోయింది. ఈ తేడా మనకు తెలియాలి.

1846-47లో జర్మనీలో పంటలు పోయి కరువొచ్చింది. వైయర్‌బుష్ మేయర్ రైఫైజెన్ కలిగినవాళ్ల దగ్గర నిధి పోగుచేసి పేదలకు రొట్టె అందించారు. తర్వాత రైతులకు అప్పులిచ్చే సంఘాన్నీ దాతల అండతోనే పెట్టారు. దాతల ఉత్సాహం ఎంతోకాలం నిలవదని అనుభవంలో తేలింది. అందుకే 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో అప్పు కావలసిన రైతులే సభ్యులుగా సంఘం ఏర్పడింది.

ఆ పద్ధతిలో సంఘం పరిధి చిన్నది, అందరూ ఎరిగినవాళ్లే. సంఘం బాకీలకు సభ్యులందరూ తమ ఆస్తులతో బాధ్యులు. పాలకవర్గానికి జీతం లేదు. లాభం నిల్వనిధికి చేరుతుంది. పెట్టుబడిలో పెద్దభాగం ఊరివాళ్ల డిపాజిట్లే. ఒక ఊళ్లో మిగిలిన డబ్బును చాలని ఊరికి మళ్లించడానికి ప్రాంతీయ కేంద్ర బ్యాంకులు వచ్చాయి. 1889 చట్టం బయటివారితో ఆడిట్‌ను తప్పనిసరి చేసింది. 1914 నాటికి జర్మనీలో ఇలాంటి గ్రామీణ సంఘాలు పదిహేను వేలు దాటాయి.

ఐర్లండ్‌లో 1894లో హోరేస్ ప్లంకెట్ ఆధ్వర్యంలో సహకార ఉద్యమానికి కేంద్ర సంస్థ ఏర్పడింది. పాల సంఘాలు బాగా నడిచాయి. పరపతి సంఘాలూ రెండు వందలు దాటాయి. కానీ రైతు దాచుకున్న డబ్బు పోస్టాఫీసుకు, పెద్ద బ్యాంకులకే పోయింది. చాలా సంఘాలు ప్రభుత్వం ఇచ్చిన అప్పు మీదే బతికాయి. గట్టి ఆడిట్ లేదు, కేంద్ర బ్యాంకు లేదు. బాకీపడ్డ పొరుగువాడిని గట్టిగా అడగడానికి మొహమాటం. చివరికి చాలా సంఘాలు మూతపడ్డాయి.

మన దగ్గరికి ఇది ఎలా వచ్చింది? మద్రాసు ప్రభుత్వం నియమించిన ఫ్రెడరిక్ నికల్సన్ యూరప్ సంఘాలను పరిశీలించి, 1895, 1897లలో రెండు సంపుటాల నివేదిక ఇచ్చి, రైఫైజెన్ పద్ధతి వైపు మొగ్గారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. తర్వాత 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది.

చట్టం వచ్చినంత మాత్రాన సంఘం రైతుది కాదు. పైనుంచి వచ్చే డబ్బుతో నడిచే సంఘం పైవాళ్ల మాటే వింటుంది. అందుకే మన సొసైటీలో నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఎన్నికలు సకాలంలో జరుగుతున్నాయా, లేక నామినేటెడ్ కమిటీయేనా? ఆడిట్ నివేదికను సర్వసభ్య సమావేశంలో చదువుతున్నారా? మన డిపాజిట్లు ఎంత? పెద్ద బాకీలు ఎవరివి?

వచ్చే సర్వసభ్య సమావేశానికి కౌలు రైతులను, మహిళా రైతులను వెంటబెట్టుకుని వెళ్దాం. సభ్యత్వం లేనివారికి సభ్యత్వం అడుగుదాం. జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించే దాకా కూర్చుందాం.