షెడ్డు నోరు ఎటు పెట్టాలి?

(మండల మహాసభలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ధరల గురించి, అప్పుల గురించి పెద్దలు మాట్లాడారు. నేను రేకుల షెడ్డు గురించి మాట్లాడతాను. నవ్వకండి, ఇదీ అప్పు సంగతే.

పదేళ్ల కిందట ట్రాక్టరు, రోటవేటరు తీసుకుని షెడ్డు వేశాను. డొంక పడమర ఉంది, బండి నేరుగా లోపలికి పోతుందని నోరు పడమరకే పెట్టాను. మిగతా మూడు వైపులా రేకులు కొట్టించాను. మూడేళ్లు తిరిగేసరికి సాయంత్రపు ఎండకు సీటు, స్ప్రేయరు పైపులు పగిలాయి. జల్లుకు రోటవేటరు బేరింగులు పట్టేశాయి. నాలుగో ఏడు మే నెల గాలివానకు పైరేకులే లేచిపోయాయి. బ్యాంకు వాయిదాలు మాత్రం అలాగే ఉన్నాయి. యంత్రం పొలంలో కంటే షెడ్డులోనే ఎక్కువ పాడైంది.

తప్పు రేకుది కాదు, నాది. మన కోస్తాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి. అందుకని రెండోసారి షెడ్డు పొడుగు తూర్పు పడమరలుగా పెట్టాను. పడమర, ఉత్తరం మూసేశాను. తూర్పు సగం మూశాను. నోరు దక్షిణానికి పెట్టి, ఆ వైపు చూరు మూడడుగులు బయటికి దించాను. బండి ఒక మలుపు ఎక్కువ తిరుగుతుంది, అంతే.

చూరు ఎత్తుగా ఉంటే గొప్ప అనుకోకండి. గాలివానలో జల్లు ఏటవాలుగా వస్తుంది. చూరు ఎంత ఎత్తో, తడి ఇంచుమించు అంత లోపలికీ వస్తుంది. బండి పట్టేంత ఎత్తు చాలు.

మూడు వైపులా మూసిన షెడ్డులోకి గాలి దూరితే పోయే దారి లేక పైకప్పును ఎత్తేస్తుంది. గోడకూ కప్పుకూ మధ్య అడుగు సందు వదలండి. తుపానులో గాలి దిక్కు మారుతుంది, కాబట్టి స్తంభాలు కాంక్రీటులో దించండి, రేకులకు మేకులు కాదు, బోల్టులు బిగించండి.

మెరక చూసుకోండి. చెట్టు కింద, కరెంటు తీగల కింద వద్దు. గడ్డివాము పక్కన అసలే వద్దు. యూరియా బస్తాలు, పశువుల మూత్రం ఇనుముకు దగ్గరగా ఉంటే తుప్పు తొందరగా పడుతుంది.

ఎవరి ఊరి గాలి వాళ్లది. షెడ్డు వేసే చోట ఒక కర్ర పాతి, పాత పంచె ముక్క కట్టండి. వానాకాలంలో, మళ్లీ కార్తీకంలో అది ఎటు ఎగురుతోందో చూడండి. అప్పుడు మేస్త్రీని పిలవండి.

చివరిగా ఒక్క మాట. సొంత జాగా లేని కౌలు రైతు షెడ్డు ఎక్కడ వేస్తాడు? అద్దె యంత్రాల కోసం గుంపుగా కూడిన అక్కచెల్లెళ్లు ఎక్కడ పెట్టుకుంటారు? యంత్రానికి సబ్సిడీ అడిగేటప్పుడు దాన్ని నిలబెట్టే చోటు కూడా కలిపి అడుగుదాం. ఊరి ఉమ్మడి స్థలంలో ఉమ్మడి షెడ్డు కావాలని ఈ సభలోనే తీర్మానం చేద్దాం. ప్లాను ఆఫీసులో గీసినా, నోరు ఎటు పెట్టాలో ఊరి రైతును అడిగే గీయాలని అందులో రాద్దాం.